నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

పాట ఏడోసారి మొదలైంది. ముందు వేణువు, దాని వెనుక సన్నగా ఆడగొంతు కూనిరాగం, ఆ వెనుక తబలా; పదకొండో సెకనులో పల్లవి అందుకుంటారని కాంతానికి తెలుసు, అందుకున్నారు. పాతపట్నంలో పర్లాకిమిడి వెళ్లే రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో, వేదికకు ఎడమ పక్క మూలలో వేసిన కుర్చీలో ఆమె ఉదయం నుంచీ కూర్చుని ఉంది. భర్త చంద్రమౌళి పోయి ఇవాళ్టికి పన్నెండో రోజు. పురోహితుడి పని ముగిసింది, వెనుక హాల్లో మొదటి బంతి లేచింది, రెండో బంతికి ఆకులు వేస్తున్నారు. ఆ బంతి కూడా లేచాక మనవరాలు సింధూరిని అత్తవారు తమ కారులో విజయనగరం తీసుకుపోతారు. అంటే ఒక గంట. ఆ గంటలో పాట ఇంకో పదమూడు సార్లు వస్తుంది, ఎవరూ ఆపకపోతే. ఎవరూ ఆపరు. వేదిక మీద, దండ వేసిన ఫొటో పక్కన, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఎల్‌ఈడీ తెర నిలబెట్టారు. అందులో పాటతో పాటు చంద్రమౌళి జీవితం ఫొటోలు ఫొటోలుగా వచ్చి పోతూ ఉంటుంది. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర, పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో వస్తుంది. ఆ ఫొటోలో ఇద్దరూ గుడ్డ మీద గీసిన కొండల ముందు జానెడు ఎడంగా నిలబడి ఉన్నారు. దగ్గరికి జరగమని ఫొటోగ్రాఫరు రెండుసార్లు చెప్పాడు, చంద్రమౌళి జరగలేదు, ఆయన జరగనప్పుడు తాను జరగడం బాగుండదని ఆమె జరగలేదు. ఇప్పుడు తెర మీద ఆయన జరుగుతాడు. సింధూరి భర్త భరణి ఆ ఫొటోను ఏఐలో పెట్టి కదిలించాడు. చంద్రమౌళి తల తిప్పుతాడు, నవ్వుతాడు, చేయి ఎత్తి ఆమె భుజం మీద వేస్తాడు. ఇరవై మూడేళ్ల కాంతం అతని మీదికి తల వాల్చి, బతుకులో ఎన్నడూ నవ్వనంత విశాలంగా నవ్వుతుంది. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన పై పళ్లు కూడా ఆ నవ్వులో వరసకు వచ్చి నిలబడ్డాయి. ఆ చోట హాల్లోని ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. మూడోసారి వచ్చినప్పుడు కాంతం ఆ చేతి వేళ్లు లెక్కపెట్టింది. ఆరున్నాయి. నాలుగోసారీ ఐదోసారీ సరిచూసుకుంది. ఆరే.

"సూడు వదినా, అన్నయ్య నీ భుజమ్మీద సెయ్యేసాడు" అంది పక్క కుర్చీలోంచి ఆడపడుచు తాయారు, ముక్కు చీదుతూ. "ఉన్నన్నాళ్లూ మా ముందు సిగ్గుపడీవోడు గానీ, మనసులో ఏటుండీదో ఇప్పుడు తెలస్తంది. ఈ పాట పెడితే ఈదంతా ఆగిపోయీది గదా. సంద్రమౌళి మాంచి హుషారు మీదున్నాడ్రా అనీవోరు మా ఆయన."

అవును, వీధంతా ఆగిపోయేది. అదొక్కటీ నిజం. షావుకార్ల వీధిలో, ఇంటి ముందు గదిలో ఉండేది చంద్రమౌళి కేసెట్ల దుకాణం. జనం పాటల పేర్లు కాగితం మీద రాసుకొచ్చి ఇస్తే, ఖాళీ కేసెట్టులోకి రికార్డు చేసి మూడో రోజు ఇచ్చేవాడు. పాటల చంద్రమౌళి అంటే పర్లాకిమిడి దాకా తెలుసు. పెళ్లి కుదిరిన కుర్రాళ్లు, పెళ్లి కుదరని కుర్రాళ్లు, పల్లెటూళ్లలో మొదటి పోస్టింగు వచ్చిన మాస్టర్లు వచ్చి నోరు తెరిచి చెప్పలేనిదాన్ని ఆయనచేత పాటలుగా కట్టించుకుని పోయేవారు. ఆయన చేసింది మీట నొక్కడం. లెక్క వేసింది కాంతం. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి ఎం.ఎస్సీ. పట్టా తెచ్చుకున్న కోడలు ఆ ఇంట్లో వేరే దేనికి పనికొస్తుంది? కేసెట్టుకు ఒక వైపు ముప్పై నిమిషాలు. ఏడు పాటలు పడతాయో పట్టవో, ఏ పాట తర్వాత ఏది పెడితే ఎన్ని సెకన్లు మిగులుతాయో పాటల నిడివి రాసుకున్న పుస్తకం చూసి ఆమె వరస కట్టేది. లెక్క కుదరకపోతే ఆఖరి పాట రెండో చరణం నడుమ తెగిపోతుంది. అప్పట్లో ఈ చుట్టుపక్కల ప్రేమలన్నీ రెండో చరణం దగ్గరే తెగుతాయని ఆమె ఒక నవ్వులాంటిది నవ్వుకునేది. అప్పటికింకా తనలో తాను నవ్వుకునే ఓపిక ఉండేది.

ఎందుకంటే రికార్డింగుకు దగ్గరి దారి లేదు. నాలుగు నిమిషాల పాట ఎక్కాలంటే నాలుగు నిమిషాలూ మోగాలి. కాబట్టి పదహారేళ్ల పాటు, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని ప్రేమిస్తూనే ఉన్నారు. ఆమె పప్పు కడుగుతుంటే ప్రేమించారు, చంటివాడికి జ్వరం వచ్చి మూలుగుతుంటే ప్రేమించారు, మూడో నెలలో కడుపు పోయి గోడవైపు తిరిగి పడుకున్న నాడు కూడా రెండు వైపులా నిండుగా ప్రేమించారు. చదువుకున్న బుద్ధి ఊరుకోదు కనుక ఆమె వాటిని వర్గీకరించింది. దుకాణం బీరువాలో ఉన్న యుగళగీతాలు నాలుగు వందల పన్నెండు. నూట తొంభై ఒక్క పాటల్లో చందమామ ఉన్నాడు. అరవైకి పైగా పాటల్లో వాన పడుతుంది, ఆ వాన ఎవరి పెంకుల్లోంచీ కారదు. ఏడేడు జన్మల మాట ఎనభై ఆరుసార్లు, ఈ జన్మలో రేపు పొద్దున్న మాట ఒక్కసారీ లేదు. ప్రాణమిస్తామన్నవాళ్లు కోకొల్లలు, నీళ్లు తోడి ఇస్తామన్నవాడు లేడు. నాలుగు వందల పన్నెండింటిలో ఒక్కదాంట్లో కూడా ఎవరూ అన్నం వండలేదు. తర్వాత ఇంత లెక్క వేసిన మనిషే, అంతకు ముందు పెళ్లిచూపుల నాడు పీట మీద కూర్చుని కుర్రాడు సినిమా పాట ఒక చరణం శ్రుతి తప్పకుండా పాడితే, ఇంత మెత్తగా పాడేవాడు మెత్తనివాడే అయి ఉంటాడని నిర్ణయించుకుంది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువు కాదని మొదటి సంవత్సరంలోనే నేర్పారు. పరీక్షలో రాసింది కూడా.

ఎనిమిదోసారి వేణువు. వెనుక హాల్లోంచి పనసపొట్టు కూర వాసన, ఆవపిండి ఘాటు. సింధూరి గుమ్మం దగ్గర వచ్చినవారికి మంచినీళ్ల సీసాలు అందిస్తోంది. అందించిన ప్రతివారితోనూ నవ్వుతోంది. ఆ నవ్వునే మూడు వారాలుగా కాంతం చూస్తోంది. తాత బతికి ఉండగానే, ఆయనకు బాగోలేదని పేరు పెట్టి, ఒక్క బ్యాగుతో ఒంటరిగా బస్సు దిగింది పిల్ల. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే కాదు, అడగబోతున్నారని తెలిస్తే చాలు, ముందే నవ్వేస్తుంది. ఫోను మోగితే దాన్ని బోర్లా పెడుతుంది. భరణికి ఇన్‌స్టాగ్రామ్‌లో యాభై వేల మంది ఫాలోవర్లు ఉన్నారట. భార్యాభర్తలిద్దరూ సినిమా పాటలకు పెదవులు కదుపుతూ, ఒకరినొకరు చూసుకుంటూ చేసిన రీళ్లు చూసి వాళ్లు గుండె బొమ్మలు పంపుతారట. పడుకున్న మంచం మీంచి కాంతం కూడా తన ఫోనులో అవన్నీ చూసింది. ఒకదాన్ని మూడుసార్లు చూసింది. అందులో భరణి, పాటలో మొగవాడు నీ కురులు మేఘాలంటున్నప్పుడు, సింధూరి నుదుటి మీది వెంట్రుకలను తొలగించడానికి చేయి ఎత్తుతాడు. చేయి ఇంకా మొహం దాకా రాలేదు, బెత్తెడు దూరంలో ఉంది. పిల్ల కళ్లు అప్పటికే మూసుకుపోయాయి. ఎంత సిగ్గో అని రాశారు కింద. సిగ్గుతో మూసుకునే కన్ను నెమ్మదిగా మూసుకుంటుంది. సిగ్గుపడితే మెడ అలా లోపలికి ముడుచుకుపోదు.

సింధూరి తండ్రి, తన కొడుకు రమేష్‌బాబుతో ఆ అనుమానం చెప్పింది, నాలుగు రోజుల కిందట. "దానికేటి కష్టమమ్మా? కారుంది, ఏసీ ఉంది, ఊరంతా సూస్తన్నారు ఆళ్లిద్దర్నీ. మొగుడూ పెళ్లాలన్నాక ఏదో అనుకుంటారు. పన్నెండో రోజుకి ఆళ్లెలాగూ వస్తారు, ఆళ్లతోటే పంపించీడం మర్యాద" అన్నాడు. ఆధారం ఏమిటని అడిగితే ఒక రెప్పపాటు తప్ప ఏముంది? మర్యాద అన్నాడు గానీ, అసలు చిక్కు అక్కడ ఉంది. చావింటి నుంచి వెళ్లేవారు వెళ్లొస్తామని చెప్పరు. ఉన్నవారు మళ్లీ రమ్మనరు. చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరగకుండా వెళ్లిపోవడమే. అందులోనూ మూల కూర్చున్న విధవరాలి ఎదుటికి ముత్తయిదువ ప్రయాణమై రాదు, వెళ్లేవారిని ఆమె వెనక్కి పిలవదు. మామూలు రోజున అయితే పిల్ల వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టేది, దగ్గరికి తీసుకోవడానికి ఒక నిమిషం దొరికేది, ఆ నిమిషంలో చెవిలో ఒక ప్రశ్న వేయవచ్చు. ఇవాళ ఆ నిమిషం కూడా లేదు. కాంతం గుమ్మం మీంచి చూపు తిప్పకూడదని నిర్ణయించుకుంది.

తెర మీద ఆరు వేళ్ల చేయి మళ్లీ ఆమె భుజం మీదికి వచ్చింది. చంద్రమౌళి చేతికి ఐదే వేళ్లు. చెంప మీద పడేవి నాలుగు, బొటనవేలు చెవి వెనక్కి పోయేది. మొదటిసారి ఎనభై నాలుగు ఆగస్టు, శనివారం. ఎవరో పెళ్లికొడుకు కేసెట్టులో ఆఖరి పాట తెగిపోయింది. పదిహేను సెకన్లు ఆమె లెక్క తప్పింది. అతడు కేసెట్టు తెచ్చి గల్లా మీద పడేసి నలుగురి ముందు నాలుగు మాటలన్నాడు. అతడు వెళ్లాక చంద్రమౌళి లోపలికి వచ్చాడు. రావడానికి ముందు, దుకాణంలో ముక్కాలిపీట మీద కూర్చున్న ఆరేళ్ల రమేష్‌తో మామూలు గొంతుతోనే అన్నాడు, "ఒరే, సౌండు పెంచరా." అప్పుడు మోగుతున్నది ఇదే పాట. పిల్లవాడు పెంచాడు. వీధివైపు తిప్పి కట్టిన రెండు చెక్క స్పీకర్లలోంచి వేణువు, కూనిరాగం, తబలా. కంటిరెప్పలా కాచుకుంటానని, గాలి చేయి కూడా నీ మీద పడనివ్వనని మొగవాడు ప్రమాణం చేశాడు. పాట అయ్యేలోపు లోపలి పని అయిపోయింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పాట దాటలేదు. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ ఒక్క విషయంలో ఆయన ఎంతో నియమం గల మనిషి. మర్నాడు ఎదురింటావిడ ముగ్గు వేస్తూ, నిన్న మీ ఆయన పాట పెద్దగా పెట్టాడు, ఏటి విశేషం అంది. కాంతం నవ్వింది. ఒక దెబ్బకు కారణం ఒక మనిషి కోపమే కావచ్చు. ఇరవయ్యేళ్ల దెబ్బలకు కారణం ఆ నవ్వు. అది లేకపోతే ఎదురింటావిడ రెండో ప్రశ్న వేసి ఉండేది. రెండో ప్రశ్నకు నవ్వు సరిపోదు. సరిపోయేంత వరకే జనం అడుగుతారు. అలా ఆ పాట హుషారుకు గుర్తయింది, హుషారు ప్రేమకు, ప్రేమ ఆ ఇంటికి. వీధిలో ఎవరి కాపురం చెడినా చంద్రమౌళీ కాంతమ్మల్ని చూసి నేర్చుకోమని చెప్పేవారు. పాటది తప్పని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. రాసినవాడెవరో, ఎక్కడో కూర్చుని, పెళ్లాం పిలుస్తుంటే వస్తున్నానంటూ రాసి ఉంటాడు.

"ఎలా ఉందండీ మామ్మగారూ, వీడియో?"

భరణి. ఇస్త్రీ మడత చెడని తెల్ల లాల్చీ, మెత్తని గొంతు. ఆమె కుర్చీ దగ్గరికి వంగాడు.

"తాతగారి ఫేవరెట్ సాంగే పెట్టానండి. మామయ్యగారే చెప్పారు, ఈ పాటే పెట్టమని."

"రమేష్ చెప్పాడా?" అంది కాంతం.

"ఆయనేనండి. చిన్నప్పటి నుంచి ఇంట్లో అదే మోగేదంట గదా."

కాంతం అతని చేతులు చూసింది. గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్నాడు. "బాగుంది బాబూ. ఆ చేతికి ఆరు వేళ్లున్నాయి, చూసుకున్నావా?"

భరణి నవ్వాడు. "ఏఐ అప్పుడప్పుడలా ఇచ్చేస్తాదండి. ఎవరూ సూడరు లెండి."

అతడు వెళ్లాక ఆమె రమేష్ కోసం వెతికింది. వడ్డన దగ్గర, భుజం మీద తువ్వాలుతో, ఎవరినో కొసరి కొసరి తినమంటున్నాడు. నలభై ఏడేళ్లు. జుట్టు పలచబడింది. ఆరేళ్ల వయసులో మీట తిప్పిన చేయి ఏం గుర్తుపెట్టుకుంటుంది? మరిచిపోయాడా, లేక గుర్తుండడం భరించలేక వీధివాళ్ల మాటనే తన జ్ఞాపకంగా తెచ్చుకున్నాడా? అదీ కాకపోతే, తెలిసే చెప్పాడా? మూడింటికీ ఫలితం ఒకటే: పాట తొమ్మిదోసారి, పదోసారి మోగుతోంది. తాను ఇతన్ని ఎన్నడూ కూర్చోబెట్టుకుని ఆ సంగతి మాట్లాడలేదు. తండ్రి మీద గౌరవం పోకూడదని అనుకుంది. గౌరవం పోలేదు. అది ఇంతదూరం వచ్చి, తువ్వాలు వేసుకుని, కూతుర్ని కారెక్కించబోతోంది. పదకొండు. పన్నెండోసారి మధ్యలో ఎవరో ఫోను చేస్తే తెర ఆపరేటరు సౌండు తగ్గించి మళ్లీ పెంచాడు. ఆ పెంచడంతో ఆమె వీపు, డెబ్బై ఒక్కేళ్ల వీపు, తనంత తానుగా కుర్చీకి అతుక్కుపోయింది. చంద్రమౌళి చేయి లేవడం ఆగి ఇరవై ఏళ్లు దాటింది. మోకాళ్ల నొప్పులొచ్చాక మెత్తబడ్డాడు. అస్థికలు శ్రీముఖలింగం దగ్గర వంశధారలో కలిసి మూడు రోజులైంది. వీపుకు ఆ సంగతులేవీ తెలియవు.

రెండో బంతి లేచింది. చేతులు కడుక్కున్నవారు తువ్వాళ్లు దులుపుకుంటూ, ఎవరితోనూ ఏమీ అనకుండా చెప్పుల వైపు నడుస్తున్నారు. భరణి తల్లి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. భరణి కారు తాళం వేలికి తగిలించుకున్నాడు. రమేష్‌బాబు సింధూరి బ్యాగు పట్టుకుని ముందు నడిచాడు. సింధూరి అందరికంటే వెనుక, చెప్పుల్లో కాలు దూర్చి, ఆచారం ప్రకారం మూలవైపు చూడకుండా, గుమ్మం బయటికి ఒక అడుగు వేసింది.

"సింధూరీ."

గొంతు పెద్దగా లేదు. కానీ ఆ పూట ఆ మూలలోంచి గొంతు రావడమే వింత కనుక అందరికీ వినిపించింది. తాయారు మోచేయి పట్టుకుంది. "వదినా, నువ్వియ్యాల ఎవుర్నీ ఎనక్కి పిలవకూడదు. పిల్లకి మంచిది కాదు."

"తెలుసు తాయారూ" అంది కాంతం. "సింధూరీ, ఇలా రామ్మా."

పిల్ల వచ్చింది. సగం దూరంలోనే నవ్వు మొదలైంది. "ఏటి నాన్నమ్మా, నేను బాగానే ఉన్నాను, ఎల్లగానే ఫోన్ సేస్తాను..."

"బాగున్నావా అని అడగలేదు. మొదటిసారి ఎప్పుడు?"

నవ్వు అలాగే ఉంది. దాన్ని తీయడం మరిచిపోయినట్టు పెదవుల మీదే ఉండగా, పిల్ల ఆలోచించకుండా జవాబు చెప్పింది. "పెళ్లయిన నెలకి. ఉగాది రోజు. రీలు సరిగా రాలేదని." ఆ తర్వాత తానేం అన్నదో తనకు వినిపించింది కాబోలు, చేత్తో నోరు మూసుకుంది.

కాంతం లేచి నిలబడింది. "భోజనాలయ్యాయి కదా బాబూ, మీరు బయల్దేరండి. పిల్ల ఇక్కడే ఉంటాది."

"మామయ్యా" అన్నాడు భరణి, అదే మెత్తని గొంతుతో, "మామ్మగారు బాధలో ఉన్నారు, లోపలికి తీసుకెళ్లండి." అతని తల్లి, "ఇదేటండీ, సావింట్లో ఈ పంచాయితీ" అంది. రమేష్‌బాబు బ్యాగు పట్టుకునే వెనక్కి వచ్చాడు. "అమ్మా, ఊరుకో. నలుగురూ ఉన్నారు."

"ఉన్నారు" అంది కాంతం. "ఈ పాట మోగుతుంటే మీ నాన్న నన్నేం చేసేవాడో వీళ్లకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా రమేషూ?"

తెర మీద రెండో చరణం నడుస్తోంది. తాయారు చేయి కాంతం మోచేతి మీంచి జారింది. రమేష్‌బాబు తల్లి మొహం చూడలేదు, తెర వైపు చూడలేదు. నేల మీద, ముక్కాలిపీట ఎత్తులో ఎక్కడో చూశాడు. తర్వాత బ్యాగును కింద పెట్టాడు. అది ఒప్పుకోవడమో, చేయి నొప్పి పుట్టడమో కాంతం తేల్చుకోలేదు. కావలసింది బ్యాగు కారెక్కకపోవడం, అది ఎక్కలేదు. భరణి అందుకోబోతే రమేష్ దాని ముందుకు జరిగి నిలబడ్డాడు. భరణీ తల్లీ వెళ్లొస్తామని చెప్పకుండా వెళ్లిపోయారు. ఆచారం అదే కాబట్టి అది కోపమని ఎవరూ అనడానికి లేదు. రేపు ఫోన్లు వస్తాయి, ఎల్లుండి పెద్దమనుషులు వస్తారు, రమేష్ మళ్లీ మనసు మార్చుకోవచ్చు, యాభై వేల మంది ఏమైందని అడుగుతారు. ఇవాళ్టికి ఇంతే.

సింధూరి వచ్చి తాయారు ఖాళీ చేసిన కుర్చీలో, మూలలో, నాయనమ్మ పక్కన కూర్చుంది. "ముత్తయిదువ్వి, అక్కడ కూకోకూడదే" అంది తాయారు, కానీ ఆ మాటలో పట్టు లేదు. పిల్ల లేవలేదు. జనం పలచబడ్డాక, తెర మనిషి తీగలు చుట్టుకుంటుండగా, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ముందుది వెనుక, వెనుకది ముందు. ఒకసారి వంటగది, ఒకసారి కారు, ఒకసారి భోగాపురం బీచిలో కెమెరా స్టాండు వెనుక. చెప్పడానికి గంటన్నర పట్టింది. పెళ్లయి పద్నాలుగు నెలలే అయింది.